రెండు కళావర్లు

ఇనుప ఫౌండ్రీల పేట సాల్కియాలో కిశోర్ సమితి అని ఒక క్లబ్బు ఉంది. పేరుకే కిశోర్లు. లోపల ఎవరి జుట్టయినా నల్లగా కనబడిందంటే రంగు వేసుకున్నాడనే అర్థం. మొదట్లో ఫుట్‌బాల్ కోసం పెట్టిన క్లబ్బట. ఆడినవాళ్ళ మోకాళ్ళు అరిగాక బంతి అటకెక్కింది, పేకముక్కలు బల్లెక్కాయి. ఇప్పుడు ఫౌండ్రీల పొగ పల్చబడే వేళకి అందరూ మంకీ క్యాపులు పెట్టుకుని వచ్చి బ్రిడ్జికి కూర్చుంటారు. కిటికీ పక్క బల్ల సాంత్రా అన్నదమ్ములది. అక్కడ వేరేవాళ్ళు కూర్చుంటే సెక్రటరీ ఫటిక్ పాల్ ఊరుకోడు.

అన్న పేరు నిరాపద. తమ్ముడి పేరు తారాపద అయినా, యాభై ఎనిమిదేళ్ళు వచ్చినా, అందరికీ బచ్చూయే. బచ్చు రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తా. నిరాపద పనిచేసింది బేలిలియస్ రోడ్డు పక్క ఒక ఫౌండ్రీలో. ఇనుము పోత పోయడానికి ముందు ఆ వస్తువుని కొయ్యతో చెక్కి ఇస్తారు, దాన్ని బట్టి ఇసుకలో అచ్చు తీస్తారు. ఆ కొయ్య పని ఆయనది. చల్లారేటప్పుడు ఇనుము కుంచించుకుపోతుంది కాబట్టి కొయ్యని కాస్త పెద్దదిగా చెక్కాలి. ఎంత పెద్దదిగా అనేది ఆయన వేళ్ళకి తెలుసు. మనిషి మితభాషి. కొయ్యతో ఎక్కువ మాట్లాడాల్సిన అవసరం ఏముంది?

బచ్చుకి బ్రిడ్జి నేర్పింది అన్నే. ఒక వానాకాలం సాల్కియా అంతా మోకాటి లోతు నీళ్ళు. వాళ్ళింట్లో ఎప్పటిలాగే మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేశారు. వాళ్ళమ్మ పొయ్యి కూడా మంచం మీదికే చేర్చింది. బళ్ళు లేవు, పనులు లేవు. ఆ మంచం మీద ఒక మూల కిచిడీ ఉడుకుతుంటే ఇంకో మూల అన్న ముక్కలు పరిచాడు. కింద నీళ్ళలో చెప్పులు తేలుతుంటే తమ్ముడు ఏ పాటకి ఏ అర్థమో వల్లె వేశాడు.

బ్రిడ్జిలో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు. ఆట మొదలయ్యే ముందు వేలం ఉంటుంది. ఎన్ని పట్లు పడతామో, ఏ రంగు తురుపో వంతులవారీగా పాడతారు. ఎదుటివాడి ముక్కలు కనబడవు, అడగడానికి వీల్లేదు. నా చేతిలో ఏముందో వాడికి తెలియాలన్నా, వాడి చేతిలో ఏముందో నాకు తెలియాలన్నా ఆ పాటలే దిక్కు. అందుకని జట్టువాళ్ళు ముందే కొన్ని ఒప్పందాలు చేసుకుంటారు. వాటిలో అన్నిటికంటే పెద్దది రెండు కళావర్లు.

‘రెండు కళావర్లు’ అని పాడినవాడి చేతిలో కళావరు ఒక్కటి కూడా ఉండకపోవచ్చు. ఆ పాటకీ ఆ రంగుకీ సంబంధం లేదు. నా చెయ్యి పొంగిపొర్లుతోంది, నీ దగ్గర ఏమీ లేకపోయినా సరే, గేము అనే పెద్ద పాట చేరేదాకా నన్ను ఒంటరిగా వదలకు అని దాని అర్థం. ఎదుటివాడి దగ్గర నిజంగా ఏమీ లేకపోతే ‘రెండు డైమన్లు’ అనాలి. ఖాళీ చేతులే గానీ ఇక్కడే ఉన్నాను అని చెప్పడం అది. పాస్ అని మాత్రం అనకూడదు. అంటే జట్టుకి ద్రోహం చేసినట్టే.

ఈ ఒప్పందం విని నిరాపద భార్య బీథిక పగలబడి నవ్వింది. అప్పటికి పెళ్ళయి కొత్త. టీ తెచ్చి మంచం చివర కూర్చుంది.

“చేతిలో చిల్లిగవ్వ లేకపోయినా బదులు చెప్పి తీరాలా? భలే ఆటే! ఇలాంటి రూలు ఇంట్లో కూడా పెట్టొచ్చుగా? మీ అన్నని నేను పొద్దున అడిగినదానికి రాత్రికి కూడా జవాబుండదు.”

“దాదా చెయ్యి నిండాక చెప్తాడు బౌదీ, అప్పటిదాకా ఓపిక పట్టండి,” అన్నాడు బచ్చు వదినతో.

అలాంటి అన్నదమ్ముల మధ్య మాటలు పోయాయి. బచ్చుకి ఒక్కతే కూతురు, ఝూమా. పిల్లలు లేని బీథిక చేతుల్లోనే పెరిగింది. ఆ పిల్ల ఒక క్రైస్తవుల అబ్బాయిని ఇష్టపడింది, బచ్చు సరేనన్నాడు. నిరాపద మాత్రం పెళ్ళివాళ్ళ ముందే, “ఆ పెళ్ళి భోజనం నా గొంతు దిగదు,” అన్నాడు. అనేసి మెట్లెక్కి పైకి వెళ్ళిపోయాడు. బీథిక ఎర్రంచు చీర కట్టుకుని ఒక్కతే పెళ్ళికి వెళ్ళింది. ఆ రోజు నుంచి పై వాటాలో అన్న, కింది వాటాలో తమ్ముడు. ఒకే మెట్లు, ఒకే కుళాయి, మాటలు మాత్రం లేవు. నిరాపద కోపం ఏడాది తిరక్కుండానే చల్లారింది. కానీ మూసుకున్న నోరు ఎక్కడి నుంచి తెరవాలో ఆయనకి తెలియలేదు. అలా పదకొండేళ్ళు.

చోద్యం ఏమిటంటే, జట్టు విడిపోలేదు. సాయంత్రం అయ్యేసరికి ఇద్దరూ వేరువేరుగా బయల్దేరి, వీధికి ఆ చివరొకరూ ఈ చివరొకరూ నడిచి, అదే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చునేవారు. పాట తప్ప ఇంకో మాట మాట్లాడకూడదని ఎలాగూ బ్రిడ్జి నియమం. కాబట్టి వాళ్ళ మౌనం అక్కడ ఎబ్బెట్టుగా ఉండేది కాదు. తమ్ముడి గొంతు నిరాపద వినేది ఆ కాసేపే. ఒక ఇస్పేటు, రెండు డైమన్లు, పాస్, పాస్.

ఒక్క ఇబ్బంది వచ్చింది. లోకంలో కొత్త కొత్త ఒప్పందాలు పుట్టుకొచ్చాయి, తక్కిన జట్లన్నీ నేర్చుకున్నాయి. ఈ ఇద్దరూ కొత్తది ఒకటి పెట్టుకోవాలంటే కూర్చుని మాట్లాడుకోవాలి కదా! మొదట్లో బీథిక రాయబారం నడిపింది. పేకముక్కల్లో ఆసేదో రాజేదో తెలియని మనిషి, మెట్ల మీద నిలబడి, “బచ్చూ, ఇక మీదట మూడు డైమన్లంటే అదేదో అడగడమట, మీ అన్న చెప్పమన్నాడు,” అని కేకేసేది. కింద నుంచి బచ్చు, “ఏది అడగడమో కనుక్కోండి బౌదీ!” అనేవాడు. ఆ మూడు డైమన్లతో వాళ్ళు ఒక టోర్నమెంటు పోగొట్టుకున్నారు. తర్వాత కొత్తవాటి జోలికి పోలేదు. వానాకాలం మంచం మీద నేర్చుకున్న ఒప్పందాలే మిగిలాయి.

ఈ కార్తీకంలో బీథిక గుండె జబ్బుతో ఆసుపత్రిలో చేరింది. చివరి రోజు పొద్దున డాక్టరు ఏదో ఇంజక్షన్ బయట నుంచి తెమ్మన్నాడు. నిరాపద చీటీ పట్టుకుని కిందికి దిగాడు. ఎదురు దుకాణంలో లేదు, ఇంకో దుకాణానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి బచ్చు మంచం ఇనుప కడ్డీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. నర్సు దుప్పటి సర్దుతోంది. బచ్చు అన్న వైపు చూశాడు, నోరు కొంచెం తెరుచుకుంది, మళ్ళీ మూసుకుంది. ఇంజక్షన్ నిరాపద చేతిలోనే ఉండిపోయింది.

“పోయేముందు మాట్లాడారండీ. ఈయనతో ఏదో చెప్పారు,” అంది నర్సు, బచ్చుని చూపిస్తూ. అంతలో ఎవరో పిలిస్తే వెళ్ళిపోయింది.

బాంధాఘాట్ శ్మశానానికి పాడె మోసినవాళ్ళలో బచ్చు ముందున్నాడు. కట్టెలు, నెయ్యి, పురోహితుడు, అన్నీ వాడే చూశాడు. ఝూమా వచ్చి మెట్ల మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. నిరాపదకి మాత్రం ఏడుపు రాలేదు. ఏడుపే కాదు, ఏమీ రాలేదు. పొగలు కక్కే టీ ఒక్క గుక్కలో తాగేశాడు, నాలిక కాలిన సంగతి మర్నాడు చర్మం ఊడితే తెలిసింది. ఎదురింటావిడ పంపిన కూరలో ఉప్పు లేదని ఆమే వచ్చి నొచ్చుకుంది, ఆయన అప్పటికే తినేశాడు. దోమలు కుడుతుంటే చూస్తూ కూర్చునేవాడు. చేతి మీద దోమ ఉబ్బి ఎగిరిపోయేది. ఏడవండి దాదా, గుండె తేలికవుతుంది అని ఇరుగుపొరుగు చెప్పేవారు. ఆయన బుద్ధిగా తలూపేవాడు. బరువుగా ఉంటే కదా తేలికవడానికి.

మనసులో కదిలేది ఒక్కటే. ఆవిడ ఏం చెప్పింది? నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి ఆఖరి మాట తనకి తెలియదు. తెలిసినవాడు కింది వాటాలో ఉన్నాడు. రోజూ కుళాయి దగ్గర దగ్గుతాడు, చెప్పులు విడుస్తాడు, రేడియో పెడతాడు. వెళ్ళి అడగడానికి పదహారు మెట్లు దిగితే చాలు. రెండుసార్లు సగం దాకా దిగి, గోడకి చెయ్యి ఆనించి నిలబడి, మళ్ళీ పైకి వచ్చేశాడు. దిగి ఏమని మొదలుపెట్టాలి? ఇదివరకు ఇలాంటివన్నీ మోసుకెళ్ళే మనిషే ఇప్పుడు లేదు.

దినవారాలు అయ్యాక క్లబ్బుకి వెళ్ళాడు. ఇంట్లో కూర్చున్నా ఒకటే, అక్కడ కూర్చున్నా ఒకటే అనిపించి వెళ్ళాడు. అందరూ లేచి నిలబడ్డారు. ఫటిక్ భుజం తట్టాడు. బచ్చు అప్పటికే తన కుర్చీలో ఉన్నాడు. చిక్కిపోయాడని నిరాపద గమనించాడు. గమనించాడంతే.

కొన్ని సాయంత్రాలు అలా గడిచాయి. నిరాపదకి మంచి ముక్కలు రావడం మానేశాయి. వచ్చినవి చూసుకుని పాస్ అనేవాడు. ఇటు పాస్, అటు పాస్. ఒక్కోసారి తమ్ముడి గొంతు వినకుండానే ఆట అయిపోయేది.

ఆ ఆదివారం ప్రత్యర్థులు ఫటిక్, హల్దార్ బాబు. హల్దార్ బాబు రిటైరైన పోస్టుమాస్టరు, మరమరాలు నములుతూ గానీ ఆలోచించలేడు. ఆవనూనె, పచ్చిమిరపకాయలు కలిపిన మరమరాల గిన్నె ఎప్పుడూ ఆయన మోచేతి దగ్గరే ఉంటుంది. పంచడం నిరాపద వంతు. పంచినవాడే ముందు పాడాలి.

ముక్కలు విప్పి చూసుకున్నాడు. ఒక్క ఇస్పేటు జాకీ. మిగతావన్నీ తొమ్మిదులు, ఏడులు, నాలుగులు. ఇలాంటి చెయ్యి వస్తే ఆలోచించాల్సిన పనే లేదు. పాస్.

ఎదురుగా బచ్చు ముక్కలు సర్దుకుంటున్నాడు. సర్దుకుంటూ పెదవి కొరుక్కునే అలవాటు చిన్నప్పటిది, మంచం మీద కూర్చున్నప్పటిది. నిరాపద ఆ పెదవి వైపు చూశాడు. తను పాస్ అంటాడు. వాడు ఒకటేదో పాడి ఊరుకుంటాడు, లేదా వాడూ పాస్ అంటాడు. ఆవిడ మాట ఆ నోట్లోనే ఉండిపోతుంది, ఇవాళ కూడా.

“రెండు కళావర్లు,” అన్నాడు నిరాపద.

అన్నాక తనకేమీ ఆశ్చర్యం వేయలేదు. ఫటిక్ కనుబొమలెత్తాడు. చాన్నాళ్ళకి దాదా చెయ్యి పండిందనుకున్నాడు కాబోలు, పాస్ అన్నాడు.

“రెండు ఆఠీన్లు,” అన్నాడు బచ్చు. గొంతులో హుషారు ఉంది. ఖాళీ చేతుల రెండు డైమన్లు కాదు, వాడి దగ్గర ఆఠీన్లు దండిగా ఉన్నాయి.

ఇప్పుడు నిరాపద ఏదో ఒకటి అనాలి. అన్నిటికంటే చిన్న మెట్టు వెతికాడు. మెట్టు ఎంత చిన్నదైతే మాట అంత దూరం సాగుతుంది.

“రెండు ఇస్పేట్లు.”

“మూడు ఆఠీన్లు.”

“మూడు ఇస్పేట్లు.”

“నాలుగు డైమన్లు.”

మధ్యలో అవతలి జట్టు పాస్ అంటూ పోయింది. ఒక్కో బదులూ వస్తుంటే నిరాపద ముక్కల వైపు చూడనేలేదు. తమ్ముడి గొంతు వింటున్నాడు. ఆ గొంతూ తన గొంతూ ఒకటేనని అమ్మ అనేది, చీకట్లో ఏ కొడుకు పిలిచాడో తెలిసేది కాదట.

“నాలుగు ఆఠీన్లు.”

అది గేము. ఇక బచ్చుకి బదులు చెప్పాల్సిన కట్టుబాటు లేదు, కావాలంటే పాస్ అనొచ్చు. బచ్చు పెదవి కొరుక్కున్నాడు. అన్న చెయ్యి నిండుగా ఉంది, తన చెయ్యి కూడా బాగుంది. లెక్క స్పష్టంగా ఉంది మరి.

“ఆరు ఆఠీన్లు.”

అంటే పదమూడు పట్లలో పన్నెండు. ఫటిక్ తన చేతిలోని రెండు ఆసుల వంక ఒకసారి, నిరాపద వంక ఒకసారి చూశాడు. ఎక్కడో తేడా కొట్టింది. “డబుల్,” అని సవాలు చేశాడు.

అందరూ పాస్. పాట అయిపోయింది. హల్దార్ బాబు ఒక ముక్క వేశాడు. ఆఠీన్లు మొదట పాడింది బచ్చు కాబట్టి ఆడేది వాడే. జట్టులో రెండోవాడు డమ్మీ. ఆయన తన ముక్కలన్నీ బల్ల మీద అందరికీ కనబడేలా పరవాలి. అదీ నియమమే.

నిరాపద పరిచాడు. ఇస్పేట్లు ముందు, జాకీ పైన. తర్వాత ఆఠీన్లు రెండు, మూడు ముక్కల డైమన్లు, మూడు ముక్కల కళావర్లు. నెమ్మదిగా, వరసలు వంకర పోకుండా. పరిచి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

హల్దార్ బాబు దవడ ఆగిపోయింది. ఫటిక్ కుర్చీలోంచి సగం లేచాడు. పక్క బల్లలవాళ్ళు మెడలు చాచి చూశారు. బచ్చు కూడా ఆ ముక్కల వంక చాలాసేపు చూశాడు. తర్వాత ఆడటం మొదలుపెట్టాడు. చిన్న జాకీని కూడా వృథా పోనివ్వకుండా, గెలుస్తున్న ఆటని ఆడినంత శ్రద్ధగా ఆడాడు. కావలసిన వాటికి నాలుగు పట్లు తగ్గాయి.

ఆఖరి ముక్క పడగానే ఫటిక్ అందుకున్నాడు. “ఏంటిది నిరాపద-దా? కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయారా? ఎవరి ముక్కలు చూసుకుని పాడారు?”

“నావే,” అన్నాడు నిరాపద.

“మీవేనా! అయితే ఇంకా ఘోరం. దేంతోనైనా బొంకొచ్చు దాదా, రెండు కళావర్లతో బొంకకూడదని మీకు తెలీదా? ఈ క్లబ్బుకి ఆ నియమం పెట్టిందే మీరు! శీతాకాలం టోర్నమెంటుకి మీ పేర్లిచ్చాను, అక్కడ ఇలా చేస్తే మన పరువు గంగలో...”

“నోర్ముయ్ ఫటిక్,” అన్నాడు బచ్చు.

ఫటిక్ నోరు మూశాడు. బచ్చు బల్ల మీదికి వంగాడు. పదకొండేళ్ళ తర్వాత అన్నని చూసి మాట్లాడాడు.

“ఏముందని పాడావు దాదా?”

“ఏమీ లేదు.”

“మరి?”

“పాస్ అంటే నువ్వూ పాస్ అనేస్తావు. అలా పాడితే బదులు చెప్పక తప్పదుగా.” నిరాపద మాటలు పొడిగా, కొయ్య మీద గీత గీసినట్టు వచ్చాయి. “ఆ రోజు మీ బౌది నీతో ఏం చెప్పింది?”

హల్దార్ బాబు చేతిలో మరమరాలు పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

“నాతో కాదు దాదా,” అన్నాడు బచ్చు. “కళ్ళు తెరవలేదు. ‘ఎవరు?’ అంది. ‘నేనే’ అన్నాను. నువ్వనుకుంది.”

“నేననుకుని?”

“తిట్టింది.” బచ్చు ఎడం చేత్తో ముక్కు తుడుచుకున్నాడు. “‘బచ్చు నిన్నటి నుంచి వరండాలో నిలబడే ఉన్నాడు. వాడి మొహం చూశావా? వెళ్ళి ఏమైనా తిన్నావా అని అడుగు. అడిగితే నీ నోరేం అరిగిపోదు’ అంది. బౌదీ, నేను బచ్చూని అని చెబ్దామనుకున్నాను. చెప్పలేకపోయాను. నీ బదులు నేనే సరేనన్నాను. అడుగుతాలే అన్నాను. ‘ఇప్పుడే వెళ్ళి అడుగు’ అంది. అంతే.”

నిరాపద కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

“నీతో ఎలా చెప్పను దాదా? నన్ను పలకరించమని నేనే వచ్చి అడుక్కున్నట్టుంటుంది. నీ పేరు మీద మాటిచ్చేశాను. అది పెట్టుకుని తిరుగుతున్నాను, నిద్ర లేదు.”

నిరాపద బల్ల మీది తన ముక్కల వంక చూశాడు. అవి ఇంకా అందరికీ కనబడేలా పరిచే ఉన్నాయి. చాలా రోజుల తర్వాత ఒంట్లో ఒక చోట నొప్పి తెలిసింది.

“బచ్చూ,” అన్నాడు.

“ఊఁ.”

“ఏమైనా తిన్నావా?”

బచ్చు తల అడ్డంగా ఊపాడు. మొహం చేతుల్లో దాచుకున్నాడు. “లేదు దాదా,” అన్నాడు ఆ చేతుల్లోంచే.

నిరాపద చెయ్యి చాచి హల్దార్ బాబు మోచేతి దగ్గరి గిన్నె అందుకున్నాడు, చెల్లాచెదురుగా పడి ఉన్న పేకముక్కల మీదుగా తమ్ముడి ముందుకి జరిపాడు. “తిను,” అన్నాడు. ఆవనూనె ఘాటు ముక్కుకి తగిలింది. పొద్దుట్నుంచి తనూ ఏమీ తినలేదని, తనకీ ఆకలేస్తోందని అప్పుడు తెలిసింది.